మార్చి నెల జోస్యాలు



మార్చి నెల మధ్యలో ఒక ఆదివారం సాయంత్రం అమెరికాలో ఒక టీవీ కార్యక్రమం వస్తుంది. అందులో ఆట ఉండదు. 68 కాలేజీల పేర్లు చదువుతారు, ఏ కాలేజీ ఏ ఊళ్లో ఎవరితో తలపడాలో చెబుతారు. అంతే. ఆ చదవడం పూర్తవుతుండగానే ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్లలో, చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "ఈసారి బ్రాకెట్లు ఎవరు నడుపుతున్నారు?"

ఆ నడిపే మనిషి గురించే ఈ ప్రసంగం. ఆడే కుర్రాళ్ల గురించి చెప్పడానికి వ్యాఖ్యాతలు బోలెడుమంది ఉన్నారు. జోస్యాల పోటీ నడిపేవాళ్లని మాత్రం ఎవరూ పట్టించుకోరు, ఏదైనా పొరపాటు జరిగితే తప్ప.

ముందు ఆట సంగతి నాలుగు మాటల్లో. అమెరికా కాలేజీల పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంటు 1939లో 8 జట్లతో మొదలైంది. ఆ తొలి ఫైనల్లో ఒరెగాన్ జట్టు 46-33తో ఒహాయో స్టేట్‌ని ఓడించింది. 1985లో జట్లు 64 అయ్యాయి. 2011 నుంచి 68. ఎక్కువైన ఆ నాలుగు జట్ల లెక్క మంగళ, బుధవారాల్లో డేటన్ నగరంలో తేలిపోతుంది. పోటీలు నడిపేవాళ్లు సాధారణంగా ఆ ఆటల జోలికి పోరు. గురువారం మధ్యాహ్నానికి 64 జట్లు నిలుస్తాయి. నాలుగు ప్రాంతాలు, ఒక్కో ప్రాంతానికి 16 జట్లు, బలాన్ని బట్టి 1 నుంచి 16 దాకా సీడ్లు. ఒకటో సీడ్ పదహారోదానితో, రెండోది పదిహేనోదానితో, ఆ వరసలో ఆడతాయి. ఓడితే ఇంటికే. మూడు వారాల్లో 63 ఆటలు, చివరికి ఒక్క జట్టు.

మన పోటీలో చేరినవాళ్లు ఈ 63 ఆటల ఫలితాలూ మొదటి బంతి పైకి ఎగరకముందే రాసిచ్చెయ్యాలి. మొదటి రౌండులో ఎవరు గెలుస్తారో చెప్పడమే కాదు, ఆ గెలిచినవాళ్లలో ఎవరు ఎవరిని కొడతారో, ఆ పైన ఎవరో, ఫైనల్ దాకా. అలా నింపిన పట్టికే బ్రాకెట్. అడుగున రాసిన పేరు తప్పితే దాని మీద కట్టిన అంతస్తులన్నీ తప్పుతాయి.

ఇలా ఎన్ని రకాలుగా నింపవచ్చు? 92 వేల కోట్ల కోట్లకు పైగా. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు పెట్టుకుంటూ పోయే కథ మీకు తెలిసిందే. ఆ 64 గడుల గింజల మొత్తాన్ని సంకేత పదాల్లో ఇమిడ్చిన పద్యం తెలుగులో ఒకటి ఉంది, పావులూరి మల్లనదని చెబుతారు. ఆ బల్ల మీద చిట్టచివరి గడిలో ఎన్ని గింజలు పడతాయో, 64 జట్ల టోర్నమెంటుకి సరిగ్గా అన్ని బ్రాకెట్లు. ఒక్క గింజ కూడా తేడా లేదు.

కాబట్టి పూర్తిగా సరైన బ్రాకెట్ కోసం ఎవరూ ఆశపడనక్కర్లేదు. 2014లో వారెన్ బఫెట్ పూచీతో ఒక అమెరికన్ రుణ సంస్థ, 63 ఆటలూ సరిగ్గా చెప్పినవాళ్లకి వంద కోట్ల డాలర్లు ఇస్తామని ప్రకటించింది. మొదటి రౌండు రెండు రోజులు ముగిసేసరికి బరిలో ఒక్కరూ మిగల్లేదు. రెండో రోజే, 14వ సీడ్ మెర్సర్ చేతిలో మూడో సీడ్ డ్యూక్ ఓడిపోయింది. నిర్ధారణగా తెలిసినంతలో అందరికంటే దూరం వెళ్లినది 2019లో ఒహాయో రాష్ట్రం కొలంబస్ నగరవాసి నింపిన బ్రాకెట్. వరసగా 49 ఆటలు సరిగ్గా చెప్పాడు. యాభయ్యో ఆటలో టెనసీ గెలుస్తుందన్నాడు. ఆ ఆట అదనపు సమయానికి పోయింది, పర్డ్యూ గెలిచింది.

అంటే ఇందులో చేరిన ప్రతివాళ్లూ తప్పేవాళ్లే. ఎవరి తప్పు ఎంత ఖరీదన్నది నిర్వాహకుడు రాసే నియమాల్లో ఉంటుంది. తప్పినవాళ్లు చివరి సోమవారం దాకా గ్రూపులో మాట్లాడుతూ ఉంటారా, మొదటి శనివారమే గ్రూపుని మ్యూట్ చేసేస్తారా అన్నది కూడా ఆ నియమాల్లోనే ఉంది. నా దృష్టిలో స్నేహపూర్వకమైన పోటీకి ఇంతకు మించిన పరీక్ష లేదు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఈ రకం పోటీలకి ఆద్యులమని ఒకరికంటే ఎక్కువమందే చెప్పుకుంటారు. ఎక్కువగా వినిపించే పేరు న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్ దీవిలో జోడీస్ క్లబ్ ఫారెస్ట్ అనే చిన్న బార్. 1977లో అక్కడ 88 మంది తలా 10 డాలర్లు వేసుకున్నారు, గెలిచినవాడికి మొత్తం. ఏళ్లు గడిచేకొద్దీ జనం పెరిగారు, 2006 నాటికి కుప్ప పదిహేను లక్షల డాలర్లు దాటింది. పన్నుల వాళ్ల చూపు పడింది, పోటీ ఆగిపోయింది. అమెరికాలో ఆఫీసు పందేల మీద రాష్ట్రానికో చట్టం. ఇటు చూస్తే, పందెం కాసి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో దేశమంతటికీ కేంద్ర చట్టం వచ్చింది. డాలస్‌లో ఉన్న అన్నయ్య, విజయవాడలో ఉన్న చెల్లెలు ఒకే పోటీలో ఉండాలంటే అందులో డబ్బు ఉండకూడదు. చట్టం మాట పక్కన పెట్టినా, పది డాలర్లు పోగొట్టుకున్న బావగారు అడిగే ప్రశ్నలకీ, ఏమీ పోగొట్టుకోని బావగారు అడిగే ప్రశ్నలకీ చాలా తేడా ఉంటుంది.

సాధనాల గురించి పెద్దగా చెప్పేది లేదు. ఈఎస్‌పీఎన్, యాహూ, సీబీఎస్ లాంటి సంస్థలు ఉచితంగానే గ్రూపు పెట్టుకోనిస్తాయి. ఒక్క ఈఎస్‌పీఎన్ దగ్గరే ఏటా రెండు కోట్లకు పైగా బ్రాకెట్లు నింపుతున్నారు. గ్రూపుకి ఒక పేరు, ఒక పాస్‌వర్డ్, ఆహ్వానం లింకు. గడువు దాటేదాకా ఒకరి ఎంపికలు ఇంకొకరికి కనబడకుండా ఆ సైటే చూసుకుంటుంది, దాటాక పాయింట్లు అదే లెక్కేస్తుంది. నిర్వాహకుడు మరిచిపోకూడని మీట ఒకటుంది: మనిషికి ఎన్ని బ్రాకెట్లు? కొన్ని చోట్ల ఒక్కరే పాతిక దాకా నింపవచ్చు. దాన్ని ఒకటికి కుదించాలి. ఇరవైమంది ఉన్న గ్రూపులో ఒక్కడే పాతిక వేస్తే మిగతావాళ్లు ప్రేక్షకులైపోతారు. పైగా పాతిక వేసినవాడికి దేనిమీదా గట్టి నమ్మకం ఉండదు. ఒక్కటే వేసిన మనిషి దాన్ని ఆఖరి దాకా సమర్థించుకుంటాడు, వినడానికి అదే సరదా.

ఇక పాయింట్లు. అసలు కథ ఇక్కడుంది, కాస్త ఓపిగ్గా వినండి.

వాడుకలో ఉన్న పద్ధతి రెట్టింపు లెక్క. మొదటి రౌండులో ఆటకి ఒక పాయింటు, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ఫైనల్‌కి ముప్పై రెండు. ఏ రౌండు తీసుకున్నా మొత్తం 32 వస్తుంది, ఆరు రౌండ్లకి 192. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ మీరు ఛాంపియన్ అని రాసిన ఒక్క జట్టు దారి పొడుగునా సంపాదించి పెట్టేది ఒకటీ, రెండూ, నాలుగూ, ఎనిమిదీ, పదహారూ, ముప్పై రెండూ కలిపి 63. అంటే మొత్తంలో దాదాపు మూడో వంతు ఒక్క పేరు మీద వేలాడుతోంది.

2018లో టోర్నమెంటు మొత్తానికీ మొదటి సీడ్ వర్జీనియా. పత్రికలన్నీ దాన్ని మెచ్చుకున్నాయి, ఎంతోమంది ఛాంపియన్ గడిలో దాని పేరే రాసుకున్నారు. మార్చి 16, శుక్రవారం రాత్రి షార్లట్ నగరంలో దానికి ప్రత్యర్థి 16వ సీడ్ యూఎంబీసీ, అంటే మేరీలాండ్ విశ్వవిద్యాలయం బాల్టిమోర్ కౌంటీ. మన పిల్లలు ఎంఎస్‌కి వెళ్లే చోట్లలో అదొకటి. అప్పటిదాకా ఆ క్యాంపస్‌కి చదరంగం జట్టుతోనే పేరు. పురుషుల టోర్నమెంటులో ఒకటో సీడ్లు పదహారో సీడ్లతో అంతకుముందు 135 సార్లు ఆడి 135 సార్లూ గెలిచాయి. ఆ రాత్రి సగం ఆటకి చెరి 21 పాయింట్లు. ఆట ముగిసేసరికి యూఎంబీసీ 74, వర్జీనియా 54.

రెట్టింపు లెక్క పెట్టుకున్న గ్రూపుల్లో వర్జీనియాని నమ్ముకున్నవాళ్ల 63 పాయింట్లు రెండో రోజు రాత్రే పోయాయి. ఇంకా రెండు వారాలకు పైగా ఆట మిగిలుంది, వాళ్లకి మాత్రం ఏమీ మిగల్లేదు. మొదటి బంతికే గారెలు అయిపోయిన పెళ్లి భోజనం అది. ఇందులో వాళ్ల అజ్ఞానం ఏమీ లేదు, అందరికంటే బలమైన జట్టునే ఎంచారు. తర్వాతి సంవత్సరం అదే వర్జీనియా ఛాంపియన్ అయింది. అప్పటికి చెయ్యి కాలినవాళ్లు ఆ పేరు వైపు చూడలేదు. అది వేరే విషాదం.

అందుకని మేము రెట్టింపు మానేశాం. మా గ్రూపు బంధువులదీ స్నేహితులదీ. న్యూజెర్సీలో కొందరు, టెక్సస్‌లో కొందరు, హైదరాబాదులో కొందరు. మా వరస 2, 3, 5, 8, 13, 21. ముందు రెండూ కలిపితే తర్వాతది. ఇందులో మొత్తం 231 పాయింట్లు. ఛాంపియన్ జట్టు దారి విలువ 52, నాలుగో వంతు కన్నా తక్కువే. మొదటి రౌండుకి 64 పాయింట్లున్నాయి కాబట్టి ఆ గురు, శుక్రవారాల్లో చిన్నచిన్న కాలేజీల ఆటలు చూసి, చదివి ఎంచినవాళ్ల కష్టానికి విలువ దక్కుతుంది. ఛాంపియన్ జోస్యం తప్పినవాళ్లు నెగ్గడం కష్టమే, అసాధ్యం మాత్రం కాదు. ఆ సన్నని ఆశ చాలు, మనిషి గ్రూపులో ఉంటాడు.

ఇక్కడ ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు లేచి, "చిన్న జట్టు గెలుస్తుందని చెప్పినవాళ్లకి బోనస్ ఇవ్వాలి కదా" అంటారు. న్యాయమైన మాటే. ఎంత ఇవ్వాలన్నదే తిరకాసు. కొన్ని గ్రూపుల్లో గెలిచిన జట్టు సీడ్ నంబరెంతో అన్ని పాయింట్లు ఇస్తారు. అయిదో సీడ్, పన్నెండో సీడ్ ఆట చూద్దాం. అనుభవం మీద పన్నెండో సీడ్ దాదాపు మూడింట ఒకసారి గెలుస్తుంది. ఆ లెక్కన పన్నెండోదాన్ని ఎంచితే సగటున 4 పాయింట్లు, అయిదోదాన్ని ఎంచితే మూడూ చిల్లర. ఇంకేం, ఇంజనీర్లు నిండిన గ్రూపు కదా, అందరూ కళ్లు మూసుకుని నాలుగు ప్రాంతాల్లోనూ పన్నెండే రాస్తారు. ధైర్యానికి ఇచ్చిన బోనస్ గుమాస్తా లెక్క అయిపోతుంది. మేము చాలా తర్జనభర్జన పడి ఒక చిన్న నియమం దగ్గర ఆగాం: మొదటి రౌండులో మాత్రమే, 10వ సీడ్ లేదా అంతకంటే దిగువ జట్టు గెలుస్తుందని చెప్పి నెగ్గితే ఒకే ఒక్క పాయింటు అదనం. అప్పుడు రెండు వైపులా సగటు దగ్గరదగ్గరగా వస్తుంది, ఎవరి నమ్మకం వాళ్లది. ఎనిమిది, తొమ్మిది సీడ్ల ఆటకి బోనస్ లేదు. అవి ఎలాగూ సమ ఉజ్జీలు.

ఆట తెలియనివాళ్లు ఉండాలా? తప్పకుండా ఉండాలి. మా అత్తయ్య జట్ల చిహ్నాలు చూసి ఎంచుతుంది. 2022లో న్యూజెర్సీలోని జెర్సీ సిటీ నుంచి సెయింట్ పీటర్స్ అనే చిన్న కాలేజీ 15వ సీడ్‌గా వచ్చింది. ఇండియా సరుకుల దుకాణాలు వరసగా ఉండే న్యూఆర్క్ ఎవెన్యూకి దగ్గర్లోనే ఆ క్యాంపస్. దాని చిహ్నం నెమలి. ప్రత్యర్థి కెంటకీ, చిహ్నం అడవి పిల్లి. "సుబ్రహ్మణ్య స్వామి వాహనాన్ని పిల్లి ఏం చేస్తుందిరా" అని నెమలికే వేసింది. అదనపు సమయంలో 85-79తో నెమళ్లు గెలిచాయి. రోజూ విశ్లేషణలు చదివే మా గ్రూపు పండితులు ఒక్కరూ ఆ ఆట చెప్పలేకపోయారు. ఆ జట్టు అక్కడ ఆగకుండా మర్రీ స్టేట్‌నీ, పర్డ్యూనీ కూడా ఓడించి ఆఖరి ఎనిమిదిలోకి వెళ్లింది. 15వ సీడ్ అంత దూరం వెళ్లడం అదే మొదలు. అత్తయ్య ఆ పైన దాన్ని నమ్మలేదు, తర్వాతి ఆటకి మర్రీ స్టేట్ వాళ్ల గుర్రాన్ని ఎంచింది. అయినా ఆ వారమంతా గ్రూపులో ఆవిడ మాటే చెల్లింది.

గడువు విషయంలో మాత్రం నిర్వాహకుడికి దయ పనికిరాదు. మొదటి ఆట గురువారం అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం పన్నెండూ పావు ప్రాంతంలో మొదలవుతుంది, మనకి రాత్రి తొమ్మిదీ ముప్పావు. గడువు చెప్పేటప్పుడు రెండు గడియారాల సమయమూ రాయాలి. మార్చిలో అమెరికావాళ్లు గడియారాలు ఒక గంట ముందుకు జరుపుకుంటారు, పాత తేడా గుర్తుపెట్టుకున్నవాళ్లు అక్కడే దెబ్బ తింటారు. గడువు దాటాక ఫోను వస్తుంది. "ఒక్క ఆటేగా అయింది, దాన్ని వదిలేసి మిగతావి తీసుకోరా." మాట వినడానికి సబబుగానే ఉంటుంది. ఒకరికి సరే అంటే మరుసటి ఏడాది నలుగురు అదే సమయానికి ఫోన్ చేస్తారు. కాదంటే పెద్దవాళ్లతో మాట పట్టింపు. దీనికి మేము కనిపెట్టిన మధ్యేమార్గం రెండో అంచె పోటీ. మొదటి వారాంతం అయ్యాక 16 జట్లు మిగులుతాయి. అక్కడి నుంచి 15 ఆటలకి కొత్త బ్రాకెట్లు, అందరూ సున్నా నుంచి మొదలు. ఆలస్యంగా వచ్చినవాళ్లు అందులో చేరతారు. ఛాంపియన్‌ని పోగొట్టుకున్నవాళ్లూ చేరతారు. నిజానికి మా గ్రూపులో రెండో వారం సందడంతా దీనిదే.

సమాన పాయింట్లు వస్తే ఎలా అన్నది కూడా ముందే రాసిపెట్టాలి. ఫైనల్లో రెండు జట్లూ కలిపి ఎన్ని పాయింట్లు చేస్తాయో ఒక అంకె రాయించుకుంటారు, దగ్గరగా చెప్పినవాళ్లది గెలుపు. 2024లో కనెటికట్ 75, పర్డ్యూ 60, కలిపి 135. 2025లో ఫ్లోరిడా 65, హ్యూస్టన్ 63, కలిపి 128. కొత్తగా చేరినవాళ్లకి ఈ అంకెలు ముందే చూపించడం మంచిది. క్రికెట్ లెక్కలో 310 అని రాసినవాళ్లున్నారు. అదనపు సమయంలో చేసిన పాయింట్లు కలుస్తాయా లేదా అన్నది రాయకపోతే గొడవ ఖాయం. కలుస్తాయని రాసెయ్యండి.

బహుమతికి మా దగ్గర పూతరేకుల డబ్బా. అట్టడుగున ఉన్నవాళ్లకి కూడా ఒక డబ్బా ఇద్దామని ఒకరన్నారు. బాగానే ఉంటుందనిపించింది. కానీ కావాలని అన్నీ తప్పు రాయడం చాలా తేలిక, ప్రతిచోటా బలహీనమైన జట్టునే రాసుకుంటూ పోతే చాలు. అందుకని అడుగునుంచి రెండో స్థానానికి ఇస్తున్నాం. ఆ స్థానం కోసం గురిపెట్టడం ఎవరి తరమూ కాదు. నిర్వాహకుడు పోటీలో చేరవచ్చు గాని బహుమతి తీసుకోకూడదు. ఇది ఎక్కడా రాసిలేదు, మా ఇంట్లో పెట్టిన షరతు.

ఒక మాట మహిళల టోర్నమెంటు గురించి. అది కూడా 68 జట్లదే, మొదటి రౌండు శుక్రవారం మొదలవుతుంది. గురువారం గడువు తప్పిన బాబాయిగారికి ఒక్క రోజులో ఇంకో తలుపు తెరుచుకుంటుందన్నమాట. 2024లో అయోవా జట్టు క్రీడాకారిణి కైట్లిన్ క్లార్క్ ఆడిన మహిళల ఫైనల్‌ని అమెరికాలో పురుషుల ఫైనల్ కంటే ఎక్కువమంది చూశారు. అందులో సౌత్ కెరొలైనా గెలిచింది. ఈ పోటీ నడపాలనుకునేవాళ్లు మాత్రం పురుషుల నియమాల్ని అలాగే ఎత్తి రాయకండి. మహిళల టోర్నమెంటులో ప్రాంతానికి మొదటి నాలుగు సీడ్లు తొలి రెండు రౌండ్లూ సొంత ఊళ్లోనే, సొంత ప్రేక్షకుల మధ్యే ఆడతాయి. చిన్న జట్లు గెలవడం అక్కడ ఇంకా అరుదు. కాబట్టి చిన్న జట్టు బోనస్ ఒకటి చాలదు, రెండో మూడో పెట్టాలి. ఎంత పెడితే సరిపోతుందో ఈ మార్చిలో మేమూ చూడబోతున్నాం. నియమాలు ఆదివారం రాత్రికే గ్రూపులో పెట్టేస్తాం, సోమవారం ఉదయానికల్లా అభ్యంతరాలు చెప్పాలి. ఆ తర్వాత ఎవరు చెప్పినా వినం.